నాలుగో తరగతి పుస్తకాల కిట్ 9,450. నోట్‌బుక్కులైనా బయట కొనుక్కుంటామంటే ఒప్పుకోవట్లేదు

కూకట్‌పల్లి_నాన్న
మా బాబు ఈ ఏడాది నాలుగో తరగతికి వచ్చాడు. సీబీఎస్ఈ స్కూలు, పేరు వద్దు. పుస్తకాల కిట్ తీసుకోమని మెసేజ్ వస్తే నిన్న వెళ్లాను. 9,450 అన్నారు. దేనికెంతో చెప్పమని అడిగితే కౌంటర్లో ఉన్నమ్మాయి ఒక తెల్ల చీటీ మీద రాసిచ్చింది. పాఠ్యపుస్తకాలు 5,280, యాక్టివిటీ బుక్స్ 1,240, నోట్‌బుక్కులు 18కి 1,530, డైరీ, ఐడీ కార్డు, అట్టలు, లేబుళ్లు కలిపి 600, స్టేషనరీ కిట్ 800.

అంటే నోట్‌బుక్ ఒక్కోటి 85 పడింది. మా వీధి చివర షాపులో ఇంతకంటే మందంగా ఉన్నదే 50కి ఇస్తున్నారు. స్కూలు దానికున్న ప్రత్యేకత అల్లా అట్ట మీద స్కూలు బొమ్మ, పేరు. పాఠ్యపుస్తకాలు మీ దగ్గరే తీసుకుంటాం, నోట్‌బుక్కులు, పెన్సిళ్లు బయట కొనుక్కుంటాం అన్నాను. "సెట్ విడదీయం సార్" అన్నారు. యూనిఫాం ఇందులో లేదు, దానికి వేరే 5,200.

ఫీజు కట్టించుకునేటప్పుడు ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. అన్ని చోట్లా ఇంతేనా? ఎవరైనా గట్టిగా అడిగి బయట కొనుక్కోగలిగారా?

పద్మజ_మియాపూర్
మాది ఒకటో తరగతికే 7,800. అందులో ఆర్ట్ కిట్ ఒకటి. గతేడాదిది సగం వాడకుండానే అటక మీద ఉంది. అది తెచ్చి చూపించినా సరే, మళ్లీ కొనాల్సిందే అన్నారు.

శ్రీను_బెజవాడ
సెట్ విడదీయం అంటున్నారంటే నోట్‌బుక్కుల మీద బాగా మిగులుతోందనే. పాఠ్యపుస్తకం మీద ధర అచ్చు వేసి ఉంటుంది కాబట్టి అక్కడ తినడానికి కుదరదు.

బుక్‌స్టాల్_బాబాయ్
శ్రీనూ, అది తలకిందుల లెక్క. మాది మా నాన్న కాలం నుంచి పుస్తకాల షాపే కాబట్టి చెబుతున్నా. అసలు మిగిలేది ప్రైవేటు పబ్లిషర్ల పాఠ్యపుస్తకాల మీదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి నుంచి ఎనిమిది వరకు పుస్తకం 65 రూపాయలకు ఇస్తుంది. దాని మీద షాపువాడికీ స్కూలుకీ పెద్దగా ఏమీ రాదు. అదే సబ్జెక్టుకు ప్రైవేటు పుస్తకం నాలుగైదు వందలు ఉంటుంది. ధర వేసేది పబ్లిషరే, స్కూలుకు తగ్గింపు ఇచ్చేదీ పబ్లిషరే. ఎంత తగ్గించి ఇవ్వాలో ముందే అనుకుని దానికి తగ్గట్టు పైన ధర వేస్తారు. ఏజెంట్లు బ్యాగు నిండా శాంపిల్ పుస్తకాలతో చలికాలంలోనే స్కూళ్ల చుట్టూ తిరుగుతారు. జూన్‌లో మీరు కౌంటర్ దగ్గర వాదించేటప్పటికి అది ఎప్పుడో తేలిపోయిన బేరం.

ఇంక నోట్‌బుక్ సంగతి. నాన్నగారూ, ఆ నోట్‌బుక్ తిప్పి వెనక అట్ట కింద చిన్న అక్షరాలు చదవండి. పేజీలెన్నో అక్కడ ఉంటుంది, చాలావాటి మీద అట్టలు, ఇండెక్స్ పేజీ కూడా కలిపే లెక్కేస్తారు. కాగితం మందం జీఎస్ఎంలో (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని) రాసి ఉందేమో కూడా చూడండి. తర్వాత ఒక పేజీ మీద ఇంకు పెన్నుతో రెండు లైన్లు రాసి అటువైపు తిప్పండి. మరక దిగిందంటే పల్చటి కాగితం అన్నట్టే.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కులు, పెన్సిళ్లు, షార్పనర్లు, రబ్బర్లు, క్రేయాన్లు, మ్యాపులు, గ్లోబుల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు నోట్‌బుక్కు 12 శాతం ఉండేది. జామెట్రీ బాక్సు 12 నుంచి 5కి తగ్గింది. మరి మీ స్కూలు నోట్‌బుక్ ధర నిరుటికీ ఇప్పటికీ తగ్గిందా?

కూకట్‌పల్లి_నాన్న
బాబాయ్, తిప్పి చూశాను. 120 పేజీలు, అట్టలతో కలిపి. జీఎస్ఎం రాయలేదు. జెల్ పెన్నుతో రాస్తే అవతలి వైపు అక్షరాలు తిరగేసి చదువుకోవచ్చు, అంత పల్చగా ఉంది. నిరుడు 80 తీసుకున్నారు, ఈసారి 85. వీధి చివర షాపులో 50కి ఇచ్చేది 172 పేజీలు.

గోదారోడు
పన్ను పోయాక ఐదు రూపాయలు పెరిగిందా! ఇది మటుకు అడగాల్సిందే.

సుజాత_సైదాబాద్
అడగడానికి ఆధారాలు ఉన్నాయి, దగ్గర పెట్టుకోండి. సీబీఎస్ఈ 2017 ఏప్రిల్‌లోనే స్కూళ్లకు సర్క్యులర్ ఇచ్చింది: పుస్తకాలు, స్టేషనరీ, యూనిఫాంలు అమ్మే వ్యాపారం చేయొద్దు, ఫలానా షాపులోనే కొనమని బలవంతపెట్టొద్దు అని. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల కోసం స్కూల్లో చిన్న షాపు పెట్టుకోనిచ్చింది. 2024లో స్కూళ్లు తెరిచే ముందు హైదరాబాద్ జిల్లా విద్యాధికారి (డీఈవో) ఉత్తర్వు ఇచ్చారు. దాని ప్రకారం ప్రైవేటు స్కూళ్లు తమ ఆవరణలో యూనిఫాం, బూట్లు, బెల్టు అమ్మకూడదు. పుస్తకాలు, నోట్‌బుక్కులు అమ్మితే లాభం, నష్టం లేకుండా అమ్మాలి.

మా పాప స్కూల్లో నేను నోటితో అడిగినప్పుడు పట్టించుకోలేదు. ప్రిన్సిపల్ పేరున కాగితం రాసి, ఉత్తర్వు కాపీ జతచేసి, ఒక కాపీ మీద స్టాంపు వేసి ఇమ్మని ఆఫీసులో నిలబడ్డాను. అప్పుడు మాట్లాడటానికి లోపలికి పిలిచారు.

పద్మజ_మియాపూర్
ఏమన్నారు సుజాత గారూ?

సుజాత_సైదాబాద్
నోట్‌బుక్కులు బయటివి తెచ్చుకోమన్నారు. బ్రౌన్ అట్ట వేసి స్కూలు లేబుల్ అతికించాలి, అంతే షరతు. పాఠ్యపుస్తకాల దగ్గర మాత్రం ఒక్క రూపాయి దిగలేదు. యూనిఫాం ఇప్పుడు స్కూల్లో అమ్మట్లేదు. పక్క సందులో ఒక షట్టర్ తీశారు, అదే బట్ట, అదే ధర. ఉత్తర్వులో "ఆవరణలో" అని ఉంది కాబట్టి ఆవరణ దాటించేశారు.

శ్రీను_బెజవాడ
మా దగ్గర కల్యాణ మండపం అద్దెకు తీసుకుని వారం రోజులు అమ్ముతారు. జనం, క్యూలు, టోకెన్లు చూసి దారిన పోయేవాళ్లు పెళ్లి అనుకుంటారు. భోజనాలు ఒక్కటే తక్కువ.

తాటికాయంత_తెలుగు
మా రోజుల్లో పరీక్షలు అవగానే పై తరగతి వాళ్ల ఇంటికి వెళ్లి సగం ధరకు పుస్తకాలు తెచ్చుకునేవాళ్లం. అట్ట చిరిగితే పాత క్యాలెండర్ కాగితం వేసి కుట్టేది మా అమ్మ. ఇప్పటి తల్లిదండ్రులకు కొత్త పుస్తకమే కావాలి. ముందు మనం మారాలి.

అనూష_ఇద్దరు_పిల్లలు
తాతగారూ, మారడానికి మేం సిద్ధమే, పుస్తకమే ఒప్పుకోదు. మా పెద్దది ఐదు, చిన్నది నాలుగు, ఒకే స్కూలు. నిరుటి నాలుగో తరగతి పుస్తకాలు బంగారంలా ఇంట్లో ఉన్నాయి. అయినా పనికిరావు, ఎందుకంటే పాఠం చివర ఖాళీలు పూరించండి, జతపరచండి, బొమ్మకు రంగు వేయండి అన్నీ పుస్తకంలోనే రాయించారు. రబ్బరుతో చెరిపి చూశాం, కాగితం చిరిగింది. కంప్యూటర్ పుస్తకం లోపలి అట్ట మీద గోకే కార్డు ఉంది, గోకితే యాప్‌కు కోడ్ వస్తుంది. ఆ కోడ్ ఒకసారే పనిచేస్తుంది. ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకంలో పాఠాలు అవే, వరస మార్చి "కొత్త ఎడిషన్" అన్నారు. పాత పుస్తకం పట్టుకెళ్తే టీచర్ 42వ పేజీ తీయమన్నప్పుడు మా పిల్ల 57వ పేజీ తీయాలి.

తాటికాయంత_తెలుగు
అది నిజంగా అన్యాయం అమ్మా. రాసే పుస్తకం వేరుగా, చదివే పుస్తకం వేరుగా ఇచ్చినా సగం ఖర్చు తగ్గేది.

గోదారోడు
స్టేట్ సిలబస్‌లో ఈ బాధ తక్కువ. పుస్తకం ధర తక్కువ, పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. కానీ మా వాడి స్కూల్లో దాని పైన ఫౌండేషన్ మెటీరియల్ అని ఆరో తరగతి నుంచే ఇంకో కట్ట ఇస్తారు. అది స్కూలు వాళ్ల సొంత అచ్చు. బయట ఎక్కడా దొరకదు కాబట్టి వాళ్లు చెప్పిందే ధర.

ఎస్జీటీ_పాలమూరు
అందరూ ప్రైవేటు స్కూళ్ల గురించే మాట్లాడుతున్నారు, ఇటువైపు కూడా కొంచెం చూడండి. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా బడిలో 34 మంది పిల్లలు. పుస్తకాలు ఉచితం, రెండు జతల యూనిఫాం ఉచితం, కొన్నేళ్లుగా వర్క్‌బుక్కులు కూడా ఇస్తున్నారు. మంచిదే. కానీ పెన్సిల్ ఎవరిస్తారు? రబ్బరు, షార్పనర్? తల్లిదండ్రులు పొద్దున్నే పత్తి చేనుకు పోతారు. పిల్ల వేలెడు కూడా లేని పెన్సిల్ ముక్కతో వస్తది, దాన్ని పట్టుకుని రాస్తే అక్షరం కుదరదు. చేతిరాత బాగలేదని ఆ పిల్లను తిట్టడానికి నాకు నోరు రాదు. అందుకే జూన్‌లోనే పెన్సిళ్ల పెట్టెలు టోకున తెచ్చి బీరువాలో పెట్టుకుంటా.

బడికి కాంపోజిట్ గ్రాంట్ అని వస్తుంది. మా సంఖ్యకు ఏడాదికి 25,000. వినడానికి బాగానే ఉంటుంది. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, బల్బులు, కుళాయి రిపేరు, ఆగస్టు 15, జనవరి 26 అన్నీ అందులోనే. కనీసం పది శాతం పరిశుభ్రతకు పెట్టాలి. అది కూడా ఒకేసారి రాదు, విడతల వారీగా వస్తుంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఖాతాలో ఏమీ ఉండదు, ఖర్చు మాత్రం ఆ రోజే మొదలవుతుంది. ముందు జేబులోంచి పెట్టి, బిల్లులు దాచుకుని, తర్వాత తీసుకోవాలి. కొన్నిటికి బిల్లు ఉండదు. సంతలో కొన్న గోళీలకు, లెక్కలు చెప్పడానికి తెచ్చిన చింతగింజలకు బిల్లు ఎవరిస్తారు?

వెంకట్_ఎల్బీనగర్
సార్, తప్పుగా అనుకోవద్దు. ప్రభుత్వ టీచర్ల జీతాలు బాగానే ఉన్నాయి. పిల్లలకు నాలుగు పెన్సిళ్లు కొంటే దాన్ని కష్టంగా చెప్పుకోవాలా? ప్రైవేటు స్కూళ్లకు కట్టే మేము జీతంలో పావు వంతు పోగొట్టుకుంటున్నాం.

ఎస్జీటీ_పాలమూరు
వెంకట్ గారూ, నేను కొననని అనలేదు. ఎప్పుడూ కొంటూనే ఉన్నా, రిటైర్ అయ్యేదాకా కొంటా. నా జీతం బాగుంది కదా అని బడి అవసరం నా జేబు మీద వదిలేయడం సరికాదు అంటున్నా. నా తర్వాత వచ్చే టీచర్‌కు ఇంట్లో జబ్బు మనిషి ఉండొచ్చు, అప్పులు ఉండొచ్చు. అప్పుడు ఆ 34 మందికి పెన్సిల్ ఉండదు. సర్వశిక్షా అభియాన్ ఉన్నప్పుడు ఒక్కో టీచర్‌కు బోధన సామగ్రికని ఏడాదికి 500 ఇచ్చేవాళ్లు. చిన్న మొత్తమే, కానీ అది టీచర్ చేతికి వచ్చేది, చార్టులకు, రంగులకు సరిపోయేది. మేళా పెట్టి, బోధన సామగ్రి తయారుచేసి తెమ్మంటారు. అట్టలు, లామినేషన్, ఫెవికాల్ అన్నీ మావే.

మూడోబెంచీ
వెంకట్ అన్నా, ప్రైవేటు టీచర్ల సంగతి తెలుసా? నాకు నెలకు 11,000. రెండో తరగతి క్లాస్ టీచర్‌ని. మే నెల జీతం ఉండదు. క్లాస్‌రూమ్ డెకరేషన్ పోటీ పెడతారు, చార్టులు, థర్మకోల్, చమ్కీ కాగితాలు టీచరే తేవాలి. పక్క సెక్షన్ కంటే తక్కువ ఉంటే మీటింగులో అందరి ముందూ అడుగుతారు. దిద్దడానికి ఎర్ర పెన్నులు కూడా మేమే కొనుక్కుంటాం. నలభై మంది, ఒక్కొక్కరికి ఏడు నోట్‌బుక్కులు. రీఫిల్ ఎన్నాళ్లు వస్తుందో మీరే చూడండి.

పిల్లల తల్లిదండ్రులు కిట్ ధర గురించి తిట్టేది కూడా మమ్మల్నే. ఆ కౌంటర్లో కూర్చోబెట్టేది మమ్మల్నే కదా. నాన్నగారూ, మీకు చీటీ రాసిచ్చిన అమ్మాయి కూడా టీచరే అయి ఉంటుంది. ఆ డబ్బులో ఆమెకు వచ్చేది ఏమీ ఉండదు.

కూకట్‌పల్లి_నాన్న
ఆ అమ్మాయి టీచరేనమ్మా, మా బాబుకు నిరుడు ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. అడిగిందే తడవు రాసిచ్చింది, అంతమంది క్యూలో ఉన్నా.

వెంకట్_ఎల్బీనగర్
మూడోబెంచీ గారూ, పెన్నులు కూడా ఇవ్వరని నాకు తెలియదు. మరి ఆ ఫీజులన్నీ ఎక్కడికి పోతున్నాయి?

కరస్పాండెంట్_మండలం
నేను చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదవండి. మాది మండల కేంద్రంలో చిన్న స్కూలు, నర్సరీ నుంచి ఏడు వరకు. ఏడాది ఫీజు 14,000. మీరు చూసే కార్పొరేట్ స్కూళ్లలో అది బస్సు ఫీజుకే చాలదు. మా పిల్లల తల్లిదండ్రులు పంట డబ్బు చేతికొచ్చాక కడతారు. ఏటా కొంత బాకీ మిగిలిపోతుంది, పిల్లవాడిని పరీక్షకు కూర్చోబెట్టకుండా ఆపలేను. జూన్‌లో బిల్డింగ్ అద్దె, బస్సుల ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, జీతాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ నెలలో చేతికి వచ్చే డబ్బు పుస్తకాల మీద మిగిలేదే. దాన్ని నేను దాచను. ఐదో తరగతి సెట్ మా దగ్గర 2,900. దాని మీద మిగిలింది టీచర్ల జూన్ జీతానికే పోతుంది. అది తీసేస్తే ఫీజు పెంచాలి, పెంచితే పిల్లలు పోతారు. లక్ష ఫీజు తీసుకునే స్కూలునూ మమ్మల్నీ ఒకే గాటన కట్టకండి.

సుజాత_సైదాబాద్
సార్, మీ కష్టం అర్థమైంది. కానీ జీతాలకు డబ్బు కావాలంటే ఫీజు అని పేరు పెట్టి అడగండి, ముందే చెప్పండి. పుస్తకం ధరలో కలిపి తీసుకుంటే ఇద్దరు పిల్లలున్నవాళ్లు మీ టీచర్ల జీతం రెండుసార్లు కట్టినట్టవుతుంది, ఒక్కరున్నవాళ్లు ఒకసారి. 1994 నాటి జీవో నంబర్ 1 ప్రకారం వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే వెళ్లాలి, యాజమాన్యం మిగులు 5 శాతం దాటకూడదు. లెక్కలు బయట పెడితే తల్లిదండ్రులే మీ పక్షాన మాట్లాడతారు.

కరస్పాండెంట్_మండలం
మేడం, ముందే చెప్పమన్న మాట న్యాయమైనది. అడ్మిషన్ ఫారం మీదే పుస్తకాల ధర అచ్చు వేయించొచ్చు, వచ్చే ఏడాదికి చేస్తాను. బయట కొనుక్కొచ్చినా మేం కాదనం. మా ఊళ్లో బయట షాపు లేదు, అది వేరే సంగతి.

ఇద్దరు పిల్లల లెక్క మాత్రం ఒప్పుకోను. వాళ్లు ఫీజు కూడా రెండుసార్లే కడతారు కదా.

బుక్‌స్టాల్_బాబాయ్
మీలా చెప్పేవాళ్లు తక్కువ సార్. నాకు తెలిసిన చిన్న స్కూళ్లలో చాలావాటికి పబ్లిషర్ దగ్గర అప్పే ఉంటుంది, లాభం కంటే ముందు అది తీరాలి.

రజియా_నంద్యాల
మా అబ్బాయికి ప్రైవేటు స్కూల్లో విద్యా హక్కు చట్టం (ఆర్టీఈ) కింద ఉచిత సీటు వచ్చింది. ఊరంతా మిఠాయి పంచాను. స్కూలుకు వెళ్తే సీటుకే ఫీజు లేదు, పుస్తకాలు, డ్రెస్సు, బూట్లు మీవే అన్నారు. 6,000 పైనే. నేను టైలరింగ్ చేస్తాను. డ్రెస్సు నేనే కుట్టుకుంటాను, బట్ట ఇవ్వండి చాలు అన్నాను. బట్ట ఒక్కటే అమ్మరట, కుట్టిందే కొనాలట. ఆ కుట్టు చూశాను, పైకుట్టు ఒక్కటే వేసి వదిలేశారు, లోపల అంచు కూడా మడవలేదు. రెండు ఉతుకులకే పోగులు ఊడతాయి.

అనూష_ఇద్దరు_పిల్లలు
రజియా అక్కా, చదువుతుంటే కోపం వస్తోంది. మీరు కుట్టినదాన్ని వద్దనడానికి వాళ్లెవరు! రంగు, గీతలు కలిస్తే చాలదా? బట్టల షాపులో ఆ గళ్ల బట్ట దొరుకుతుంది, ముక్క పట్టుకెళ్లి చూపించండి.

రజియా_నంద్యాల
దొరికింది అక్కా, మీటరు 140. బ్యాడ్జి మాత్రం స్కూల్లో కొన్నాను. వాడు అదే వేసుకుని వెళ్తున్నాడు, ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు.

గోదారోడు
ఇదీ పద్ధతంటే. శభాష్ రజియా గారూ.

లక్ష్మి_పల్నాడు
మా ఇద్దరిదీ ప్రభుత్వ బడి. విద్యార్థి మిత్ర కిట్టు వచ్చింది నిరుడు: బ్యాగు, బెల్టు, బూట్లు, సాక్సులు, నోట్‌బుక్కులు, యూనిఫాం బట్ట. ఆంధ్రా ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద ఒక్కో పిల్లకు 15,000లో బడి నిర్వహణకు 2,000 పోను 13,000 ఖాతాలో పడ్డాయి. మా చెల్లెలి పిల్లలు ప్రైవేటు. తనకూ పడ్డాయి, కానీ పడిన రోజే స్కూలు నుంచి ఫోన్, బాకీ కట్టమని. నా దగ్గర మిగిలాయి, తన దగ్గర మిగల్లేదు. మా ఇద్దరి జీవితంలో తేడా ఆ జూన్ నెలలోనే తెలిసింది. కిట్టులో ఒక్కటే ఇబ్బంది, బూట్ల కొలత తీసుకున్నప్పటి పాదం బూట్లు వచ్చేటప్పటికి ఉండదు. ఎదిగే పిల్లలు కదా. మా బడిలో అమ్మలందరం ఒకరి బూట్లు ఒకరికి మార్చుకుని సర్దుకున్నాం.

డల్లాస్_రమ్య
ఇక్కడ టెక్సాస్‌లో ఆగస్టులో ఒక వారాంతం స్కూలు సామానుకు, బ్యాగులకు, బట్టలకు అమ్మకం పన్ను ఉండదు, వస్తువు 100 డాలర్ల లోపు అయితే. జనం ఆ రెండు మూడు రోజులే కొంటారు. స్కూలు జాబితా ఇస్తుంది, ఎక్కడైనా కొనుక్కోవచ్చు. పేరెంట్స్ సంఘం వాళ్లు డబ్బాలో సర్ది అమ్ముతారు, కావాలంటే తీసుకోవచ్చు, లేకపోతే లేదు. జాబితాలో టిష్యూ డబ్బాలు, చేతులు తుడుచుకునే వైప్స్ కూడా ఉంటాయి, క్లాసంతటికీ.

టీచర్లు సొంత డబ్బు పెట్టడం ఇక్కడా ఉంది. దాన్ని పన్ను లెక్కలో కొంత తగ్గించుకోనిస్తారు. 250 డాలర్లు ఉండేది, 2022లో 300 చేశారు. పెట్టే ఖర్చుకు అది చాలదంటుంది మా పాప టీచర్. కానీ టీచర్ జేబులోంచి పెడుతోందని చట్టం ఒప్పుకుంది కదా, పాలమూరు సార్ చెప్పేదీ అదే అనిపించింది.

ఎస్జీటీ_పాలమూరు
అదేనమ్మా. లెక్కలోకి వస్తే చాలు.

పద్మజ_మియాపూర్
టీచర్ల కష్టం ఒప్పుకుంటాను, కానీ రాత్రి తొమ్మిదింటికి మా పాప "అమ్మా రేపు చార్టు, థర్మకోల్, మెరుపుల జిగురు కావాలి" అంటుంది. ఆ చార్టు గోడ మీద ఒక్క రోజు ఉంటుంది. ఆ ప్రాజెక్టుల ఖర్చు ఏ కిట్టులోనూ రాయరు.

బుక్‌స్టాల్_బాబాయ్
ఆ టైముకు షట్టర్ సగం దించి కూర్చుంటాను, మీలాంటి అమ్మల కోసమే. స్కూటర్ ఆగిన చప్పుడు బట్టే చెప్పేస్తా, చార్టా, థర్మకోలా అని.

మూడోబెంచీ
పద్మజ గారూ, ఆ ప్రాజెక్టులు మేం అడిగినవి కావు, ఇన్‌స్టాలో పెట్టడానికి ఆఫీసు నుంచి జాబితా వస్తుంది. ఈసారి పేరెంట్స్ మీటింగులో మీరే అడగండి, పాత అట్టపెట్టెలతో చేయించండి అని. మేం అడిగితే వినరు, మీరు అడిగితే వింటారు.

తాటికాయంత_తెలుగు
మరి ఆ బ్యాగు బరువు సంగతి ఏమైంది? తెలంగాణలో 2017లో పరిమితి పెట్టారు, ఒకటి రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి ఐదు కిలోలు. మా మనవడు మూడో తరగతి, వాడి బ్యాగు నేను ఎత్తలేకపోయాను.

అనూష_ఇద్దరు_పిల్లలు
కొన్నవన్నీ మోయించాలి కదా తాతగారూ. ఏడు సబ్జెక్టులు, ఒక్కోదానికి పాఠ్యపుస్తకం, వర్క్‌బుక్, క్లాస్ వర్క్, హోమ్ వర్క్.

కూకట్‌పల్లి_నాన్న
ఈ రోజు సంగతి రాస్తున్నా. మా సెక్షన్ వాట్సాప్ గ్రూపులో నోట్‌బుక్ వెనక అట్ట ఫొటో, వీధి చివర షాపు నోట్‌బుక్ ఫొటో పక్కపక్కన పెట్టాను. సుజాత గారు చెప్పినట్టు కాగితం రాస్తే 23 మంది సంతకం చేశారు. కొందరు పిల్లవాడిని టార్గెట్ చేస్తారేమో అని భయపడ్డారు, వాళ్లను బలవంతం చేయలేదు. ప్రిన్సిపల్ అరగంట మాట్లాడారు. నోట్‌బుక్కులు, స్టేషనరీ బయటివి ఒప్పుకున్నారు, ఇప్పటికే కొన్నవాళ్లు వాడనివి సీలు తీయకుండా తెస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. బిల్లు అడిగితే ఇస్తామన్నారు. పాఠ్యపుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవి పెట్టమంటే అది మేనేజ్‌మెంట్ చూస్తుందన్నారు. నేనింకా అడుగుతాను. చలికాలంలోనే బేరం తేలుతుందని బాబాయ్ చెప్పారు కాబట్టి ఈసారి నవంబరులోనే వెళ్తాం.

వెంకట్_ఎల్బీనగర్
ఆ కాగితం నమూనా ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. మా స్కూల్లోనూ ఇద్దాం.

సుజాత_సైదాబాద్
రాత్రికి నాది కూడా పెడతాను. రెండూ కలిపి వాడుకోండి. స్టాంపు వేయించుకోవడం మర్చిపోవద్దు.

బుక్‌స్టాల్_బాబాయ్
పాలమూరు సార్, నిరుటి సరుకులో అట్టల రంగు వెలిసిన నోట్‌బుక్కులు ఒక కట్ట ఉన్నాయి, లోపల కాగితం బాగుంది. 34 మందికి ఏవి కావాలో చెప్పండి. పెన్సిళ్లు కూడా టోకు ధరకు ఇస్తాను.

ఎస్జీటీ_పాలమూరు
బాబాయ్ గారూ, మామూలు నోట్‌బుక్కులు మాకు వద్దు, అవి వేరే బడికి ఇవ్వండి. ఒకటో తరగతి వాళ్లకు నాలుగు గీతల పుస్తకాలు ఓ పది, మిగతావాళ్లకు చిన్న గళ్ల లెక్కల పుస్తకాలు ఉంటే పంపండి. షార్పనర్లు ఎక్కువ కావాలి, స్టీలువి. ప్లాస్టిక్‌వి పిల్లల చేతిలో రెండు రోజులు ఉండవు. డబ్బు పంపిస్తాను, ఉచితం వద్దు.

డల్లాస్_రమ్య
సార్, షార్పనర్లు, పెన్సిళ్లు నా వైపు నుంచి. బాబాయ్ గారికి నేరుగా పంపిస్తాను, మీరు కాదనకండి.

బుక్‌స్టాల్_బాబాయ్
అయితే ఆర్టీసీ కార్గోలో వేస్తా. సార్, మీకు దగ్గర డిపో ఏది? మెసేజ్‌లో పెట్టండి, ఇక్కడ వద్దు.

అనూష_ఇద్దరు_పిల్లలు
మధ్యలో అడుగుతున్నా, ఎవరి దగ్గరైనా ఐదో తరగతి హిందీ రీడర్ పాతది ఉందా? దాంట్లో ఖాళీలు పూరించేవి లేవు, పాతదైనా నడుస్తుంది.